రాగిరేకు మీద రేవు: విస్లర్ ‘బ్లాక్ లయన్ వార్ఫ్’ ఎచింగ్‌లో కలిమిలేములు

వ్యాససంగ్రహం

విక్టోరియా రాణి కాలపు లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున సంపదను, పేదరికాన్ని ఒకేచోట చూపిన ముద్రణ చిత్రాలను చరిత్రకారులు తరచు సాక్ష్యాలుగా వాడుతున్నారు. వాటిలో జేమ్స్ మెక్‌నీల్ విస్లర్ 1859లో రాగిరేకు మీద గీసిన ‘బ్లాక్ లయన్ వార్ఫ్’ను కేంద్రంగా తీసుకుని, గుస్తావ్ డోరె 1872 నాటి లండన్ చిత్రాలతో పోలుస్తూ, అవి చూపినవాటినీ చూపలేకపోయినవాటినీ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నది ఒడ్డున కలిమి, లేమి పక్కపక్కన ఉన్న రెండు లోకాలు కావనీ, ఒకదాన్ని నిలబెట్టిన ఏర్పాటే రెండోదాన్ని కూడా తయారుచేసిందనీ, ఆ ఏర్పాటు వైరుధ్యం చాటే చిత్రంలో కన్నా మౌనంగా ఉన్న చిత్రంలోనే ఎక్కువగా దొరుకుతుందనీ దీని ప్రతిపాదన.

కీలక పదాలు: థేమ్స్ నది, ఎచింగ్, విస్లర్, డోరె, రేవు కార్మికులు, లండన్ చరిత్ర

1. రెండు రకాల ముద్రలు

విక్టోరియా కాలపు లండన్ పేదరికం అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది గుస్తావ్ డోరె బొమ్మలే. లండన్ వంతెన మీది రాతి అరుగుపై నక్షత్రాల కింద నిద్రపోతున్న నిరుపేదలు, సెవెన్ డయల్స్ వీధిలో చెప్పుల దుకాణాల ముందు పిల్లల గుంపులు, న్యూగేట్ జైలు ఆవరణలో గుండ్రంగా తిరుగుతున్న ఖైదీలు. బ్లాంచర్డ్ జెరాల్డ్ రాసిన వచనంతో కలిసి ‘లండన్: ఎ పిల్‌గ్రిమేజ్’ పేరిట 1872లో వెలువడిన ఆ గ్రంథంలో 180 చిత్రాలున్నాయి. వీటిని ఎచింగ్‌లని పిలవడం పరిపాటి అయింది గాని, అవి ఎచింగ్‌లు కావు. డోరె కొయ్యదిమ్మ మీద బొమ్మ వేస్తే పిసాన్, పానెమాకర్ వంటి చెక్కడపు పనివారు దాన్ని ఉలితో చెక్కారు. కొయ్యదిమ్మను అక్షరాలతో పాటే అచ్చుయంత్రంలో పెట్టవచ్చు కాబట్టి ఒకే పుటలో బొమ్మా మాటా కలిసి వేల ప్రతులుగా జనంలోకి వెళ్లేవి. రాగిరేకుకు ఆ సౌలభ్యం లేదు. దాన్ని విడిగా, ఒక్కొక్క కాగితంగా ఒత్తాలి. అందువల్ల అది మొదటినుంచీ సేకర్తల వస్తువు.

ఈ తేడా కేవలం సాంకేతికం కాదు. ఎవరి కళ్ల కోసం, ఎవరి గోడ కోసం ఒక బొమ్మ తయారైందన్నది దాని సాక్ష్య విలువను నిర్ణయిస్తుంది. డోరె గ్రంథం పుటలు తిప్పుతుంటే హాలండ్ హౌస్ తోటవిందు, డెర్బీ గుర్రప్పందాలు, పడవ పందెం, ఆ తర్వాత వైట్‌చాపెల్ సందులు వస్తాయి. వైరుధ్యం పుస్తకం కూర్పులోనే ఉంది. ఇందుకోసం ప్రచురణకర్త డోరెకు ఏడాదికి 10,000 పౌండ్ల చొప్పున ఒప్పందం చేసుకున్నాడు. 1889 నాటి రేవు కూలీ గంటకు 5 పెన్నీలు. ఇరవై ఏళ్ల అంతరాన్ని పక్కన పెట్టి లెక్కిస్తే ఆ ఏడాది పారితోషికం 4 లక్షల 80 వేల గంటల మోతపని విలువ. పేదరికాన్ని బొమ్మ కట్టడం అప్పటికే లాభసాటి వ్యాపారమని చెప్పడానికి ఈ లెక్క చాలు.

డోరె ఘనతను ఇది తగ్గించదు. న్యూగేట్ చిత్రాన్ని 1890లో వాన్ గోహ్ రంగుల్లో తిరగరాశాడంటే దాని బలం తెలుస్తుంది. కాని అక్కడికక్కడే గీయడం కన్నా జ్ఞాపకం మీద ఆధారపడి బస చేసిన చోట బొమ్మ వేయడం డోరె అలవాటు. చూసినదాన్ని కాక ఊహించినదాన్ని వేశాడని ‘ఆర్ట్ జర్నల్’ ఆనాడే నిందించింది. పేదవాడలకు ఆయన పోలీసుల వెంట వెళ్లాడు. ఒకచోట నల్లమందు పీలుస్తున్నవారి గదిని చూపి, దానికి డికెన్స్ అసంపూర్ణ నవల ‘ఎడ్విన్ డ్రూడ్’లోని లాస్కర్ గది అని పేరు పెట్టాడు. లాస్కర్లంటే ఇంగ్లీషు ఓడల్లో పనిచేసిన ఆసియా నావికులు. పారశీకం నుంచి వచ్చిన ఈ మాట తెలుగువారికి కొత్తది కాదు. కాలువల మీద తూములు, లాకులు చూసే కింది ఉద్యోగిని నేటికీ లస్కరు అనే అంటారు. లండన్‌లో దిక్కులేక చిక్కుకున్న ఈ నావికుల కోసం 1857లో లైమ్‌హౌస్‌లో ఒక వసతి గృహమే వెలిసింది. డోరె పుటలో మాత్రం ‘లాస్కర్’ ఓడ నడిపే పనివాడు కాడు, ఒక నవల్లోని మత్తుగదికి గుర్తు.

2. సూది, ఆమ్లం, అద్దం

విస్లర్ దారి వేరు. 1834లో అమెరికాలోని లోవెల్‌లో పుట్టిన ఆయన సైనిక పాఠశాలలో నెగ్గలేక, 1854–55లో వాషింగ్టన్‌లోని తీర సర్వే కార్యాలయంలో కొన్ని నెలలు పనిచేశాడు. ఓడల వారికి ఉపయోగపడే తీరరేఖలను రాగిరేకుల మీద గీయడం అక్కడి పని. ఉద్యోగం నిలవలేదు, చేతి విద్య నిలిచింది. ఒడ్డును నీటి మట్టం నుంచి చూసి, ప్రతి గుర్తునూ దాని చోట ఉంచే చూపు కూడా అక్కడిదే కావచ్చు.

ఎచింగ్ పద్ధతి క్లుప్తంగా ఇది. నునుపు చేసిన రాగిరేకుకు మైనం, రాళ్లజిగురు కలిసిన పలుచని పూత పూస్తారు. సూదితో గీస్తే పూత చెదిరి రాగి బయటపడుతుంది. రేకును ఆమ్లంలో ముంచితే గీత పడిన చోట మాత్రమే లోహం కరుగుతుంది. ఎంతసేపు ఉంచితే గాడి అంత లోతు, అచ్చులో అంత నలుపు. తేలికగా ఉండవలసిన భాగాలకు మధ్యలో వార్నిష్ పూసి ఆమ్లాన్ని ఆపుతారు. తర్వాత గాళ్లలో సిరా నింపి, పైభాగం తుడిచి, తడి కాగితంతో కలిపి రోలర్ల మధ్య గట్టిగా ఒత్తుతారు. కాగితం మీద పడేది రేకులోని బొమ్మకు అద్దపు ప్రతిబింబం. ఎదురుగా ఉన్న దృశ్యాన్ని నేరుగా రేకు మీద గీస్తే అచ్చులో కుడి ఎడమవుతుంది.

1859 వేసవిలో, తన 25వ ఏట, విస్లర్ రేకులు వెంట పెట్టుకుని నగరానికి తూర్పున ఉన్న వాపింగ్, రాథర్‌హైథ్ పరిసరాలకు చేరాడు. అంతకు ముందటి వేసవిలోనే థేమ్స్ దుర్గంధం భరించలేక పార్లమెంటు భవనం తెరలను సున్నపు క్లోరైడులో తడిపి వేలాడదీశారు. ‘పంచ్’ పత్రిక ఆ ఏడాదే చావును పడవ నడిపే అస్థిపంజరంగా చూపించింది. విస్లర్ అలాంటి ఉపమానాల జోలికి పోలేదు. రేవు మెట్ల మీదా, సత్రాల వసారాల్లోనూ కూర్చుని కనపడినది గీశాడు. ‘రాథర్‌హైథ్’ రేకులో ఆకాశం మీదుగా నిలువునా ఒక గీత ఉంది. పక్కన ఇటుక పడితే ఉలిక్కిపడి సూది జారిందని చెబుతారు. కథ నిజమైనా కాకపోయినా ఆ గీతను ఆయన చెరపలేదు.

3. చిత్రంలో ఏముంది

‘బ్లాక్ లయన్ వార్ఫ్’ అరచేతికి కాస్త పెద్దదైన అడ్డ చిత్రం. ముందు ఒక సరుకు పడవ. అందులో ఒక యువకుడు కూర్చుని చూపరి వైపు ముఖం తిప్పి ఉన్నాడు. అతడి వెనుక నది. ఆవలి ఒడ్డు పొడవునా గిడ్డంగులు, చెక్క వసారాలు, కిటికీలు, సరుకు పైకి లాగే చేతికర్రలు, గోడల మీద వ్యాపారుల పేర్లు. ఇంతే. భవంతి ముందు బిచ్చగాడు లేడు, బండిలో దొరసాని లేదు. పైపైన చూస్తే ఇక్కడ కలిమిలేముల వైరుధ్యమే లేదనిపిస్తుంది.

గీత తీరును గమనిస్తే సంగతి మారుతుంది. దగ్గరున్నది స్పష్టంగా, దూరమున్నది మసకగా వేయడం బొమ్మల సంప్రదాయం. విస్లర్ దీన్ని తలకిందులు చేశాడు. దూరపు ఒడ్డులో చెక్కల అతుకులూ పెంకుల వరసలూ విడివిడిగా లెక్కపెట్టుకునేలా సూది నడిచింది. మనిషి చుట్టూ ఉన్న పడవ, తాళ్లు మాత్రం కొద్ది గీతల్లో ముగిశాయి. కళాచరిత్రలో దీనికి ఛాయాచిత్రాల ప్రభావమనీ, చూపు ఒకచోటే నిలుస్తుందన్న ఆలోచన అనీ కారణాలు చెబుతారు. అవి సమంజసమే. అయితే ఫలితం ఇంకొకటి కూడా ఉంది. ఈ చిత్రంలో ఆస్తి స్పష్టంగా చదవగలిగేలా ఉంది. దానికి పేరుంది, హద్దుంది, గోడ మీద రాత ఉంది. మనిషి పెద్దగా, దగ్గరగా ఉన్నా పేరు లేదు, పనేమిటో కూడా రూఢిగా తెలియదు. అతడు వాటర్‌మెన్ సంఘంలో శిష్యరికం చేసి లైసెన్సు పొందిన పడవవాడా, రోజు కూలికి వచ్చినవాడా అన్నది చిత్రం చెప్పదు.

విస్లర్ మనుషులను ఎప్పుడూ అనామకంగా వదిలాడని కాదు. అదే ఏడాది గీసిన ‘సున్నపు బట్టీవాడు’ చిత్రానికి డబ్ల్యూ. జోన్స్ అన్న పేరూ, థేమ్స్ వీధి అన్న చిరునామా ఉన్నాయి. అంటే సొంత కొలిమి ఉన్నవాడికి పేరుంది. ఈ తేడా కావాలని చేసిందని అనడానికి ఆధారం లేదు. ఆ లోకంలో పేర్లు ఎలా పంచబడ్డాయో అలాగే రేకు మీదికి వచ్చాయనుకోవడమే సబబు.

4. గోడల వెనుక

బ్లాక్ లయన్ వార్ఫ్ సెయింట్ కేథరిన్ డాక్ పొరుగున ఉన్న వాపింగ్ ఒడ్డు. ఆ డాక్ 1828 అక్టోబరులో ప్రారంభమయింది. థామస్ టెల్ఫోర్డ్ రూపొందించిన దాని కోసం మధ్యయుగాల నాటి ధర్మశాలనూ, 1,250 ఇళ్లనూ కూల్చారు. 11,000 మందికి పైగా ఖాళీ చేయవలసి వచ్చింది. పరిహారం దక్కింది ఆస్తిదారులకు. అద్దెకున్న వారికి, అంటే దాదాపు అందరికీ, ఏమీ రాలేదు. వారు పొరుగు వీధుల్లోనే, మరింత ఇరుకుగా సర్దుకున్నారు. విస్లర్ చూసిన ఒడ్డు వెనుక సందులు కిటకిటలాడడానికి ఇది ఒక కారణం. మోతపని వారు రేవుకు నడిచి వచ్చేంత దగ్గరలో ఉండాలి. తెల్లవారుజామున గేటు దగ్గర నిలబడకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. గిడ్డంగులు పెరిగినకొద్దీ వాటి పక్కన ఇళ్లు తగ్గాయి, ఇళ్ల అవసరం మాత్రం పెరిగింది.

విస్లర్ అదే వరసలో ‘థేమ్స్ పోలీస్’ అనే మరో రేకు గీశాడు. వాపింగ్‌లోని నదీ పోలీసుల కార్యాలయం అందులో ఉంది. ఈ సంస్థ పుట్టుక ఆసక్తికరం. 1798లో పాట్రిక్ కాల్హూన్, జాన్ హారియట్ చొరవతో, ప్రధానంగా వెస్టిండీస్ వ్యాపారుల డబ్బుతో ఇది మొదలయింది. నది మీద పనిచేసే 33,000 మందిలో 11,000 మంది నేరగాళ్లని కాల్హూన్ అంచనా. అంత కచ్చితమైన అంకె ఎలా తేలిందన్న అనుమానం ఎవరికైనా కలుగుతుంది. అసలు సంగతి ఏమిటంటే పీపాల నుంచి ఒలికిన చక్కెర, బస్తాల కింద రాలిన కాఫీ గింజలు, ఓడ మరమ్మతులో మిగిలిన కర్రముక్కలు తమ కూలిలో భాగమని కార్మికులు తరతరాలుగా భావించారు. మన కళ్లాల్లో తూర్పారబట్టాక మిగిలిన తాలు, పరిగె పనివారికి దక్కే ఆనవాయితీ వంటిదే ఇది. కొత్త పోలీసు వ్యవస్థ ఆ ఆనవాయితీని దొంగతనమని పేరు మార్చింది. పీటర్ లైన్‌బా వంటి చరిత్రకారులు వస్తు రూపంలోని వేతనం పోయి డబ్బు వేతనం మాత్రమే మిగలడానికి ఈ మార్పును కీలకంగా చూపారు. ఆ ఏడాదే బొగ్గు దించేవారు వాపింగ్ కార్యాలయం మీదికి అల్లరిగా వచ్చారు. 1800లో చట్టం వచ్చి అది ప్రభుత్వ విభాగమయింది.

చక్కెర బానిసల తోటల నుంచి వచ్చేది. కాబట్టి ఆ ఒడ్డు గోడల వెనుక నిల్వ ఉన్న సంపదకు లండన్‌లోని పేదరికం ఒక్కటే మూల్యం కాదు. ఈ మాట ఇక్కడ పక్కమాటగానే చెప్పగలం గాని వదిలేయదగినది కాదు.

5. పడమటి ఒడ్డు, తూర్పు ఒడ్డు

1858 దుర్గంధం తర్వాత పార్లమెంటు కొద్ది వారాల్లో చట్టం చేసింది. జోసెఫ్ బాజల్గెట్ పెద్ద మురుగు సొరంగాలు తవ్వి, నగరపు మలినాన్ని తూర్పుకు తరలించి నదిలో కలిపే ఏర్పాటు చేశాడు. ఇంజనీరింగ్ దృష్టితో ఇది ఆ శతాబ్దపు గొప్ప పనుల్లో ఒకటి. 1864లో మొదలైన విక్టోరియా ఎంబాంక్‌మెంట్ 1870 జూలైలో తెరుచుకుంది. కిందుగా మురుగు కాలువ, భూగర్భ రైలు, పైన చెట్లూ నడకదారీ. ఒడ్డు బురదలో ఇనుపముక్కలు, బొగ్గు ఏరుకుని బతికే పిల్లలు, హెన్రీ మేహ్యూ 1849–50లో పత్రికకు రాసిన లేఖల్లో మాట్లాడించిన పిల్లలు, ఆ మేరకు తమ బురదను కోల్పోయారు.

పని పూర్తయిన క్రమం మరింత చెబుతుంది. 1866లో కలరా వచ్చేసరికి పడమటి లండన్‌లో కొత్త సొరంగాలు పనిచేస్తున్నాయి. తూర్పు భాగంలో అవి ఇంకా కలవలేదు. తూర్పు లండన్ నీటి కంపెనీ తన ఓల్డ్ ఫోర్డ్ జలాశయం నుంచి కలుషిత జలాన్నే సరఫరా చేసింది. 5,000కు పైగా ప్రాణాలు పోయాయి, అత్యధికం తూర్పునే. 1878 సెప్టెంబరు 3న ‘ప్రిన్సెస్ ఆలిస్’ విహార నౌక సరిగ్గా ఆ మురుగు కలిసే చోటికి దగ్గరలో మరో ఓడను ఢీకొని మునిగింది. 600 మందికి పైగా చనిపోయారు. నది ఒకటే అయినా దాని శుభ్రతను పడమరా, దాని మురుగును తూర్పూ పంచుకున్నాయి.

విస్లర్ రేకుల్లో వాసన లేదు. ఆయన రేకుల మీద పెట్టదగిన ప్రధానమైన ఆక్షేపణ ఇదే. కుళ్లిన చెక్కలు, వంగిన వసారాలు అందంగా ఉన్నాయి. 1862లో ఇవి పారిస్‌లో ప్రదర్శితమైనప్పుడు బోద్లేర్ వాటిలో మహానగరపు కవిత్వాన్ని చూసి మెచ్చాడు. అక్కడ నివసించేవారి దగ్గు ఆ కవిత్వంలో వినపడదు. డోరె పక్షాన చెప్పవలసింది ఇక్కడే ఉంది. ఆయన అతిశయోక్తి కనీసం చూపరిని ఇబ్బంది పెడుతుంది.

6. గోడ మీది బొమ్మ

థేమ్స్ రేకులు సంపుటిగా అమ్మకానికి వచ్చింది 1871లో. ఎల్లిస్ అండ్ గ్రీన్ సంస్థ 16 ఎచింగ్‌లుగా ప్రచురించింది. అప్పటికి గీసి పన్నెండేళ్లయింది, పాత రేవు మారిపోతోంది, మారిపోతున్నదాని బొమ్మకు గిరాకీ ఉంది. విస్లర్ కూడా మారాడు. 1863 నుంచి ఆయన మకాం పడమట, చెల్సీలోని లిండ్సే రో.

ఆ 1871లోనే ఆయన తన తల్లి చిత్తరువు వేశాడు. నల్లని దుస్తుల్లో పక్కకు తిరిగి కుర్చీలో కూర్చున్న ఆ వృద్ధురాలి చిత్రాన్ని 1891లో ఫ్రెంచి ప్రభుత్వం కొంది. దాన్ని ఎరగనివారు అరుదు. ఆమె ఎదుట బూడిదరంగు గోడకు చట్రం కట్టిన చిన్న బొమ్మ ఒకటి వేలాడుతుంది. అది ‘బ్లాక్ లయన్ వార్ఫ్’. తూర్పు ఒడ్డున పడవలో కూర్చున్న పేరులేని మనిషి పడమటి ఒడ్డున ఒక పెద్దింటి గోడకు చేరాడు. కళాచరిత్ర గ్రంథాలు ఈ బొమ్మలో బొమ్మను కూర్పులోని సమతూకం కోసం పెట్టిన దీర్ఘచతురస్రంగా వివరిస్తాయి. సామాజిక చరిత్రకు మాత్రం ఇది ఒక లావాదేవీకి రసీదు. గిడ్డంగి సరుకు ఏ దారిన తూర్పు నుంచి పడమటికి వెళ్లిందో, ఆ దారినే రేవు బొమ్మ కూడా వెళ్లింది. మూడేళ్లకు, 1874లో, చెల్సీ ఒడ్డుకూ రాతికట్ట వచ్చి విస్లర్ ఇంటి ముందరి పాత రేవును కప్పేసింది.

7. కూర్చోవడం

తిరిగి ఆ యువకుడి దగ్గరకు. అతడు ఏ పనీ చేయడం లేదు. పోటు కోసమో, సరుకు కోసమో, పిలుపు కోసమో ఎదురుచూస్తుండవచ్చు. చూపరికి అది విశ్రాంతిగా కనిపిస్తుంది. రేవులో ఎదురుచూపు విశ్రాంతి కాదు, కూలి దక్కని పని. ఓడలు గాలినీ పోటునూ బట్టి వస్తాయి. కంపెనీలు అందుకు తగ్గ కష్టనష్టాలను మోయకుండా, అవసరమైన గంటకే మనిషిని తీసుకుని మిగతా సమయాన్ని అతడికే వదిలేశాయి. గేటు దగ్గర పిలుపు కోసం మనుషులు ఒకరి మీద ఒకరు పడడాన్ని మేహ్యూ వర్ణించాడు. గంటకో రెండు గంటలకో పని దొరికి మళ్లీ వీధిన పడడం మామూలు. గిడ్డంగి యజమాని లాభంలో ఈ ఎదురుచూపుకు ఎంత వాటా ఉందో ఖాతా పుస్తకాల్లో కనపడదు. ఆ ఎదురుచూపు ఆకారం మాత్రం విస్లర్ రేకు మీద, బహుశా ఆయన ఉద్దేశించకుండానే, మిగిలింది.

1889 ఆగస్టులో బెన్ టిల్లెట్, టామ్ మన్, జాన్ బర్న్స్ నాయకత్వాన రేవు కార్మికులు సమ్మెకు దిగినప్పుడు కోరికల్లో రెండు ముఖ్యమైనవి. గంటకు 6 పెన్నీలు. పిలిస్తే కనీసం నాలుగు గంటల పని. రెండోది ఎదురుచూపుకు వెల అడగడం. ఆస్ట్రేలియా నుంచి 30,000 పౌండ్ల దాకా సాయం వచ్చింది, కార్డినల్ మానింగ్ మధ్యవర్తిత్వం చేశాడు, సెప్టెంబరు మధ్యకు ఆరు పెన్నీలు గెలిచారు. సమ్మె రోజుల్లో వారు నగరపు వ్యాపార వీధుల గుండా ఊరేగింపులు తీశారు. ఆ ఊరేగింపుల్లో కార్మికుడి భోజనమనీ దోపిడీదారు భోజనమనీ, కార్మికుడి పిల్లి అనీ దోపిడీదారు పిల్లి అనీ జంట నమూనాలు ఎత్తిపట్టుకుని నడిచారు. మొదటిది చిన్నది, రెండోది పెద్దది. బ్యాంకుల కిటికీల్లోంచి గుమాస్తాలు చూశారు.